పరదేశపు జీతము – సొంతవూరి ఇల్లు

అమలాపురం నుంచి రాజోలు మీదుగా మలికిపురం వైపు బస్సులో పోయినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. కొబ్బరితోటల నడుమ, రోడ్డుకు ఇరుపక్కలా డాబాలు కనబడతవి. కొన్ని రంగులతో మెరుస్తున్నవి. కొన్నింటికి గోడలు లేచినవి గాని పూత లేదు. మరికొన్నింటి స్లాబుమీద ఇనుపచువ్వలు నిటారుగా నిలబడి తుప్పుపట్టి ఉన్నవి. డబ్బు చాలక పని ఆగిపోయినదని కొత్తవాడు అనుకుంటాడు. అది సగమే నిజము. ఆ యింటి యజమాని దుబాయిలోనో మస్కటులోనో కువైటులోనో ఉన్నాడు. పెక్కు ఇళ్ళకు యజమాని కాదు, యజమానురాలు. ఒక వీసాకు పునాది, రెండవ వీసాకు గోడలు, మూడవ వీసాకు స్లాబు. వీసా ఒకటికి రెండేళ్ళు లెక్కవేసుకొంటే ఇల్లు నిలబడేసరికి ఎంతకాలము పడుతుందో శ్రోతలే ఊహించగలరు. ఈలోగా సిమెంటు ధర మన కోసము ఆగదు.

సముద్రము దాటి కూలిచేసి సొంతవూరికి డబ్బు పంపటము గోదావరి డెల్టావారికి కొత్త కాదు. 19వ శతాబ్దములో కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూను వెళ్ళినవారు వేలకొలది. బర్మాలో తెలుగువాడికి ‘కోరంగి’ అనే పేరే స్థిరపడిపోయినది. 1942లో జపాను సేనలు వచ్చిపడగా కాలినడకను కొండలు దాటి వచ్చినవారు చేతులూపుకొంటూ ఊరు చేరారు. 1970ల తరువాత దారి పడమటికి మళ్ళి, రంగూను స్థానములో గల్ఫు వచ్చినది. అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒకటే: పని అక్కడ, ఇల్లు ఇక్కడ.

ఇల్లు అక్కడే ఎందుకు కొనుక్కోరాదు అని అడగవచ్చు. కువైటులో 1979 నాటి 74వ నంబరు చట్టము అరబ్బులు కాని పరదేశీయులు స్థిరాస్తి కొనటానికి అడ్డుకట్ట వేసినది. దుబాయి ప్రభుత్వము 2006లో 7వ నంబరు చట్టము చేసి, కొన్ని నిర్ణీత ప్రాంతములలో పరదేశీయులకు పూర్తి హక్కుతో ఇళ్ళు అమ్మనిచ్చినది. అక్కడి కేంద్ర బ్యాంకు 2013లో అప్పుకు హద్దు పెట్టి, ఏభై లక్షల దిర్హములలోపు మొదటి ఇంటికి పరదేశీయునికి నూటికి 75 వంతులే ఇవ్వమన్నది. 2020లో దానిని 80 చేసినది. నెలసరి వాయిదాలన్నీ కలిపి జీతములో సగము మించరాదు. ఇదంతా ఇంజనీరుకూ, లెక్కల అధికారికీ పనికివచ్చే మాట. వంటయింట్లో పనిచేసే సఖినేటిపల్లి అమ్మాయికి ఆ తలుపు తెరచి ఉన్నా లేనట్టే. కాబట్టి ఆమె అప్పు తీసుకొనదలిస్తే ఇక్కడే తీసుకోవాలె.

ఆ మధ్య స్టేషను పనిమీద రాజోలు ప్రాంతము వెళ్ళినప్పుడు, పూతలేని ఒక ఇంటి అరుగుమీద కూర్చొని మంచినీళ్ళు తాగాను. ఇంటావిడ కువైటులో పదకొండేళ్ళు చేసి సెలవుమీద వచ్చినది. బ్యాంకు అప్పు మాట నేనే ఎత్తాను. “ఆయ్, అడిగేనండి. పదకొండేళ్ళూ ఒక్క నెల తప్పకుండా పంపేనండి. నీ జీతం కాగితం ఏదమ్మా అన్నారండి. కాగితం ఎవరిస్తారండి, మా మేడమ్మ డబ్బు చేతిలో పెడుతుంది గాని!” అన్నది. చివరకు ఊళ్ళోనే ఒకరి దగ్గర అయిదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి స్లాబు వేయించినది. నాలుగేళ్ళయినది.

ఇక్కడ చిన్న లెక్క వేయక తప్పదు. నూటికి నెలకు రెండు రూపాయలంటే అయిదు లక్షలకు నెలకు పదివేలు. అది వడ్డీ మాత్రమే. నాలుగేళ్ళలో ఆమె 4,80,000 రూపాయలు కట్టినది. అసలు అయిదు లక్షలూ చెక్కుచెదరలేదు. ఇదే అయిదు లక్షలు ఏడాదికి నూటికి 9 వడ్డీతో పదేళ్ళ గడువుకు బ్యాంకులో దొరికి ఉంటే నెలసరి వాయిదా 6,334 రూపాయలు. అందులో వడ్డీతోపాటు అసలు కూడ తీరిపోతూ వస్తుంది. నెలకు మూడువేల ఆరువందలకు పైగా తక్కువ కట్టి అప్పునుంచి బయటపడే దారి ఒకటి, ఎక్కువ కట్టి అప్పులోనే ఉండే దారి ఒకటి. ఆమె రెండవ దారిని తెలియక పట్టలేదు. మొదటి దారిలో కాగితము అడ్డము వచ్చినది.

ఆ కాగితము సంగతి చూద్దాము. 1999 నాటి విదేశమారక నిర్వహణ చట్టము ప్రకారము ఉద్యోగము కొరకు దేశము విడిచినవారు ప్రవాస భారతీయులే. వంటమనిషి అయినా, వైద్యుడయినా ఆ మాటలో భేదము లేదు. ప్రవాస భారతీయుడు మన దేశములో నివాసగృహము కొనవచ్చు, కట్టవచ్చు, అందుకు ఇక్కడి బ్యాంకులో రూపాయలలో అప్పు తీసుకొనవచ్చు. రిజర్వు బ్యాంకు అనుమతి కోరి అర్జీ పెట్టుకొనే పని లేదు. 30 లక్షల వరకు గల అప్పులలో ఇంటి విలువకు నూటికి 90 వంతుల దాకా ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకే చెప్పినది. మరి ఇబ్బంది ఎక్కడ? అప్పు పదేళ్ళది, పదిహేనేళ్ళది, వీసా రెండేళ్ళది. వీసా పొడిగింపు జరుగుతుందని బ్యాంకు నమ్మాలె. నమ్మటానికి దానికి కంటికి కనబడే ఆధారము కావాలె: పాసుపోర్టు, వీసా నకలు, పని ఒప్పందము, జీతపు పత్రము, అన్నిటికన్న ముఖ్యముగా డబ్బు వచ్చిపడిన ఖాతా చరిత్ర. కనీస ఆదాయమెంత, విదేశములో ఎన్నాళ్ళుండాలె అన్నదానికి ప్రతి బ్యాంకూ తన గీత తాను గీసుకొంటుంది. ఒకచోట కాదన్నంత మాత్రాన అన్నిచోట్లా కాదన్నట్టు కాదు.

మన రాజోలు ఆవిడ పొరపాటు, దానిని పొరపాటు అనగలిగితే, ఇది: పదకొండేళ్ళూ డబ్బు తమ్ముడి మామూలు ఖాతాకు పంపినది. బ్యాంకు కంటికి అది తమ్ముడికి వచ్చిన డబ్బేగాని ఈమె ఆదాయము కాదు. వెళ్ళేటప్పుడే తన పేర ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరిచి, ఎక్స్చేంజి నుంచి నేరుగా దానిలోకి పంపి ఉంటే, ప్రతి నెలా ఒక వరుస పడేది. జీతపు పత్రము లేని లోటును ఆ వరుసలు పూర్తిగా తీర్చకపోయినా చాలావరకు పూడ్చగలవు. ఖాతా ఆమెదే, ఖర్చుకు కావలసినది తమ్ముడికి దానినుంచే ఇవ్వవచ్చు. అప్పు వాయిదాలు కూడ ఆ ఖాతానుంచే కట్టవచ్చు.

జీతము సంగతి తేలినా స్థలము సంగతి ఉన్నది. కోనసీమలో అసలు చిక్కు ఇక్కడనే అని నా అభిప్రాయము. మనకు ఇల్లు వేరు, తోట వేరు కాదు. తాతగారి తోటలో ఒక మూల ఇల్లు కట్టుకొంటాము. ప్రవాస భారతీయుడు వ్యవసాయ భూమిగాని, తోటగాని కొత్తగా కొనటానికి వీలులేదు. వారసత్వముగా వచ్చినదైతే ఉంచుకొనవచ్చు. కొబ్బరిచెట్ల మధ్య పది సెంట్లు కొని ఇల్లు కడదామనుకొనేవారు ఆ నేల కాగితముమీద ఇంటి స్థలమా, తోటా అని ముందే చూచుకోవాలె. ఇక తాతగారి ఆస్తి పంపకాలు కాకుండా ఉంటే, హక్కుదారులందరి సంతకాలూ కావాలె. ఆడపడుచుల సంతకమెందుకు అని ఇంకా అడిగేవారున్నారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ శాసనము 1985 నుంచే, అప్పటికి పెళ్ళికాని కుమార్తెలకు సమాన హక్కు ఇచ్చినది. 2005లో దేశమంతటా కుమార్తెలకు ఆ హక్కు వచ్చినది. ఈ.సీ. తీయించటము, దస్తావేజుల గొలుసు సరిచూడటము, పంచాయతీ ప్లాను, వీటి గురించి వేరే చెప్పనక్కరలేదు.

విదేశములో ఉన్నవారు సంతకానికి రాలేరు. అందుకు పవరు దస్తావేజు. అక్కడి భారత రాయబార కార్యాలయములో అధికారి ఎదుట సంతకము చేసి పంపాలె. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోపల స్టాంపు సుంకము కట్టించాలె. ఈ మూడు నెలల గడువు మరచిపోయి మళ్ళీ మొదటికి వచ్చినవారిని నేనెరుగుదును. ఆ దస్తావేజులో “ఫలానా ఇల్లు, ఫలానా అప్పు” అని పరిమితముగా వ్రాయించటము క్షేమము. సమస్త అధికారములూ ఒకరి చేతిలో పెట్టి, తిరిగివచ్చేసరికి స్థలము చేతులు మారిన కథలు మన గ్రామాలలో తక్కువ కాదు.

తనఖా ఎక్కువగా హక్కు దస్తావేజులు బ్యాంకు వద్ద ఉంచటము ద్వారా జరుగుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములో 58వ సెక్షను దీనిని గుర్తిస్తున్నది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలెననీ, తన తప్పువలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలెననీ రిజర్వు బ్యాంకు విధించినది. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమలులో ఉన్నది. మారే వడ్డీగల గృహఋణమును వ్యక్తులు ముందుగా తీర్చివేస్తే జరిమానా లేదు. కువైటులో ఇంటిపనివారికి 2015 నాటి 68వ చట్టము ఏడాదికి ఒక నెల జీతము చొప్పున సేవాంత ధనము ఇమ్మంటున్నది. తిరిగివచ్చే రోజున ఆ పైకముతో అప్పులో ఒక ముక్క కోసివేయవచ్చు.

వీసా ఆగిపోతే? వాయిదా 90 రోజులు దాటి బాకీపడితే అప్పు మొండిబాకీల పద్దుకు పోతుంది. ఆ తరువాత 2002 నాటి చట్టము ప్రకారము 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు పోకుండానే బ్యాంకు ఇల్లు స్వాధీనము చేసుకొనవచ్చు. 1990 ఆగస్టులో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు లక్షకు పైగా మనవారిని విమానాలలో తీసుకురావలసి వచ్చినది. 2020లో కరోనా వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు ఆరు నెలలు వాయిదాల విరామము ఇచ్చినది గనుక కొందరు ఊపిరి తీసుకొన్నారు. ఆ విరామములోను వడ్డీ మాత్రము నడిచినది. ఆరునెలల వాయిదాల సొమ్ము ముట్టకుండా పక్కన ఉంచుకొన్న తరువాతనే ఇంటి అప్పు మాట ఎత్తటము మంచిదని నాకు తోస్తుంది.

ఇది గల్ఫు కూలీల బాధ మాత్రమే అనుకోరాదు. అమెరికాలో హెచ్-1బి వీసామీద ఉన్న మన అమలాపురం ఇంజనీరు 30 ఏళ్ళ గడువుకు ఇల్లు కొంటాడు. వీసా మామూలుగా ఆరేళ్ళది. ఉద్యోగము పోతే మిగిలేది 60 రోజులు. అక్కడి ప్రభుత్వ గృహసంస్థ ఎఫ్.హెచ్.ఏ., శాశ్వత నివాసము లేనివారి అప్పులకు పూచీ ఉండటము 2025 మే 25 నుంచి మానుకొన్నది. ప్రైవేటు అప్పుల దారి ఇంకా ఉన్నది.

రాజోలు ఆవిడ ఈసారి విమానమెక్కే ముందు తన పేర ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరిచినది. ఇంటి పూతకూ, తలుపులకూ అప్పు అడగటానికి స్థలము పంపకము రిజిస్టరు కావాలె. తమ్ముడు సంతకము చేశాడు. చెల్లెలు మస్కటులో ఉన్నది. ఆమె పవరు దస్తావేజు ఇంకా రాలేదు.