నిర్దోషి యిల్లు

న్యాయస్థానముల సంగతులు పురుషుల వ్యవహారములని మనలో ననేకులు తలంతురు. కాని పోలీసులు వచ్చి కుఱ్ఱవానిని గొనిపోయిన దినమున పొయ్యి చల్లారునది మనయింటనే గదా! కావున నీ విషయమును మీ ముందుంచుచున్నాము.

మా శ్రీకాకుళసీమకు నీ బాధ క్రొత్త కాదు. 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడివద్ద నిరువురు గిరిజనులు హతులైన పిదప ఏజెన్సీలో సాయుధపోరాటము ప్రబలెను. తరువాత నడచిన పార్వతీపురపు కుట్రకేసులో, ఎవరు దోషులో ఎవరు కారో తేలులోపల ముద్దాయిలు ఏండ్లతరబడి చెఱసాలలో నుండిరి.

హైదరాబాదు సంగతి ఇంకను విచారకరము. 2007 మే 18వ తేదీ శుక్రవారమున మక్కామసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. అటుపిమ్మట పలువురు ముస్లిము యువకులు పట్టుబడిరి. హింసలకు లోనైతిమని వారు మొఱపెట్టుకొనిరి. తుదకు నేరము ఋజువు గాక విడుదలయిరి. జాతీయ మైనారిటీల కమిషను సిఫారసుపై నాటి రాష్ట్రప్రభుత్వము 2011-12లో ఇరువదిమందికి మూడేసి లక్షల రూపాయలును, ఏబదిమందికి ఇరువదేసి వేలును పరిహారముగ నొసగి, సత్ప్రవర్తనపత్రములను గూడ నిచ్చెను. తాను పట్టినవారిని గూర్చి ప్రభుత్వమే పునరాలోచించుట మనదేశమున నరుదు. కాని యా యుత్తర్వును 2013లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసెను. పిదప నీ ప్రేలుడు కేసులో విచారింపబడిన వేఱైదుగురిని గూడ 2018లో న్యాయస్థానము విడిచిపెట్టెను. నిర్దోషిని పట్టుటవలన మృతుల తల్లులకు మాత్రము న్యాయము కలిగినదా?

శిక్షపడిన పిమ్మట తప్పు తేలుటయు గలదు. 2002లో గుజరాతునందలి అక్షరధామమున జరిగిన దాడికేసులో ఆర్గురికి శిక్షలు పడెను. వారిలో మువ్వురికి ఉరిశిక్ష. 2014 మే 16వ తేదీన సుప్రీముకోర్టు ఆర్గురును నిర్దోషులని తీర్పు చెప్పెను. ఉరి ముందే తీసియుండినచో నా తీర్పెవరికి?

ఇంగ్లండులో ఇట్టి బాంబుకేసులలో పొరపాటున శిక్షింపబడిన ఆర్గురు పదునాఱేండ్లు ఖైదుననుభవించి 1991లో విడుదలయిరి. ఆ కలవరమువలన తీర్పులను మరల పరిశీలించుటకు 1997లో ప్రత్యేకసంఘ మొకటి పనికి పూనెను. మనయొద్ద నట్టి సంఘము లేదు. అన్యాయముగ నభియోగింపబడినవారికి పరిహారము నిచ్చు చట్టము కావలెనని 2018లో లా కమిషను తన 277వ నివేదికలో సూచించెను.

ఇక మనము చేయదగిన దేమి? పట్టుబడినవానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెననియు, బంధువులకు తెలుపవలెననియు చట్టము. స్త్రీలకును, నిర్బంధమున నున్నవారికిని, రాబడితో నిమిత్తములేక జిల్లా న్యాయసేవాధికారసంస్థ ఉచితముగ వకీలును ఏర్పఱచును. ఈ రెండు మాటలును ప్రతిగృహిణియు నెఱుగవలెను.

అంతకంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. కోర్టు విడిచిపెట్టినను వీధి విడిచిపెట్టదు. అట్టి యింటి ఆడుబిడ్డకు సంబంధము కుదురదు, చిన్నవానికి పని దొరకదు. ఆ గడప త్రొక్కి, ఆ తల్లిని పేరంటమునకు పిలుచుట మన చేతిలోని పని. ప్రభుత్వము చేయవలసిన పునర్విచారణకై అడుగుచునే, మన మనస్సులలో నిచ్చిన తీర్పును మనమే ముందుగ దిద్దుకొందుము గాక!