గ్రీన్ మీదికి చేర్చే దెబ్బ

ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీ మామూలుగా 4 రోజులు సాగుతుంది. రోజుకు 18 హోల్స్, మొత్తం 72. మొదటి 2 రోజుల స్కోరు చూసి వెనకబడినవాళ్ళను తప్పిస్తారు. వాళ్ళకు ప్రైజ్ మనీ రాదు, ప్రయాణం, బస ఖర్చులు మాత్రం మీద పడతాయి. మన దేశంలో ఈ వృత్తిలో అడుగుపెట్టడానికి ప్రధాన దారి ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా జరిపే క్వాలిఫయింగ్ స్కూల్ గట్టెక్కడం. పేరుకు స్కూలే గానీ అది పోటీ. దానికి సిద్ధం కావడమంటే ముందుగా ఏ దెబ్బ మీద ఎంత కాలం వెచ్చించాలో తేల్చుకోవడం.

బంతి చేరాల్సిన గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. చాలా కోర్సుల్లో 18 హోల్స్‌కు పార్, అంటే పట్టాల్సిన దెబ్బల లెక్క, 72. అందులో హోల్‌కు 2 చొప్పున 36 దెబ్బలు, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద బంతిని దొర్లించే పటింగ్‌కే కేటాయించారు. సగం దెబ్బలు అక్కడే ఉన్నాయి కాబట్టి గెలుపూ అక్కడే ఉందని చాలాకాలం నమ్మారు. కొలంబియా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ ఈ నమ్మకాన్ని లెక్కగట్టి చూశాడు. అమెరికాలోని పీజీఏ టూర్ ఆటగాళ్ళు 8 అడుగుల నుంచి సుమారు సగం సార్లు ఒక్క దెబ్బకే బంతిని గుంటలో వేస్తారు. అంటే అక్కడి నుంచి సగటున 1.5 దెబ్బలు పడతాయి. ఒక్క దెబ్బతో ముగించినవాడికి అర దెబ్బ లాభం, రెండు తీసుకున్నవాడికి అర దెబ్బ నష్టం. ప్రతి దెబ్బనూ ఇలాగే తూచితే, మేటి ఆటగాళ్ళు తోటివారిపై సాధించే ఆధిక్యంలో పటింగ్ వాటా 15 శాతమేనని తేలింది. దూరం నుంచి గ్రీన్ మీదికి బంతిని చేర్చే అప్రోచ్ షాట్ల వాటా 40 శాతం. పటింగ్ అక్కర్లేదని దీని అర్థం కాదు. టూర్ స్థాయిలో అందరూ పటింగ్ బాగానే చేస్తారు, తేడా వచ్చేది ఆ ముందు దెబ్బ దగ్గరే.

సాధన ఎంతసేపు అన్నదానికన్నా ఏ తీరున అన్నదే ముఖ్యం. ఒకే ఐరన్ క్లబ్‌తో ఒకే గురికి 100 బంతులు కొడితే చివరి 20 చక్కగా పడతాయి, చేయి కుదిరిందనిపిస్తుంది. పోటీలో ఏ దెబ్బా వెంటనే రెండోసారి కొట్టనివ్వరు. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ చేసిన ప్రయోగంలో ఒకే కదలికను వరసగా చేసినవాళ్ళు సాధన వేళ ముందున్నారు. 10 రోజుల తర్వాత పరీక్షిస్తే, కదలికలను కలగలిపి నేర్చినవాళ్ళే మెరుగ్గా చేశారు. స్వింగ్‌లో, అంటే క్లబ్ తిప్పే తీరులో, కొత్త మార్పు అలవాటయ్యేదాకా ఒకే క్లబ్‌తో కొట్టడం సబబే. ఆపైన మాత్రం ప్రతి బంతికీ క్లబ్బూ, దూరమూ, గురీ మారాలి. బంతి వెనక నిలబడి గాలినీ వాలునూ చూసుకోవడం దగ్గర్నుంచి ప్రతిదీ పోటీలో ఉన్నట్టే జరగాలి.

ఇక శరీరం. పీజీఏ టూర్‌లో, దూరం కొట్టడానికి వాడే డ్రైవర్ క్లబ్ తల సగటున గంటకు 185 కిలోమీటర్ల వేగంతో బంతిని తాకుతుంది. క్లబ్ పైనుంచి కిందికి వచ్చేది దాదాపు పావు సెకనులో. ఈ బలం చేతుల్లోంచి పుట్టదు. పాదాలు నేలను తన్నడంతో మొదలై, తుంటి, నడుము, భుజాల మీదుగా చేతికి అందుతుంది. క్లబ్‌ను పైకెత్తినప్పుడు భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరిగితే తుంటి సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. నడుము కింది భాగంలోని వెన్నుపూసలు సహజంగా తిరిగేది చాలా కొద్ది. తుంటీ వీపు పైభాగమూ బిగుసుకుపోయి ఉంటే ఆ మెలి అంతా నడుము మీదే పడుతుంది. గోల్ఫర్లకు నడుము నొప్పి అంత తరచుగా రావడానికి ఇదో ప్రధాన కారణం. కాబట్టి బరువులెత్తే ముందు ఈ రెండు చోట్లా వదులు రావాలి. తర్వాత కాళ్ళకూ పిరుదులకూ బలం. మన వ్యాయామశాలల బస్కీలు ఇందుకు మంచి ఆరంభం. ఆ పైన బరువు బంతిని పక్కకు తిరిగి గోడకేసి విసరడం లాంటి వేగం పెంచే కసరత్తులు చేయాలి.

పుస్తకంలో ఉన్న స్వింగ్ ప్రతి ఒంటికీ సరిపడదు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు దంపతుల కొడుకు తీగల సాహిత్ 1997లో పుట్టాడు. అతని వెన్నెముక వంకర. దాంతో స్వింగ్‌లో ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాడు. ఆ ఒరుగుదలను చెరిపేయకుండానే తన ఆట కట్టుకున్నాడు. పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఉండగా మణికట్టు గాయంతో 2018-19 సీజన్ మొత్తం పోయింది. కోలుకుని వచ్చి 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అది అతని తొలి విజయం. 2024లో ప్రెసిడెంట్స్ కప్ ఆడిన అమెరికా జట్టులో ఉన్నాడు. గాయమైన సీజన్‌ను వదులుకోవడమూ తయారీలో భాగమేనని కొత్త ఆటగాళ్ళు అతన్ని చూసి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

గోల్ఫ్ కోర్సు దగ్గర్లో లేని మైలవరం లాంటి ఊరి కుర్రవాడికి అసలు చిక్కు అప్రోచ్ షాట్ల ఆ 40 శాతం దగ్గరే. పటింగ్‌కు ఇంటి వరండా చాలు. సుద్దగీత గీసి, గుంటకన్నా చిన్నదైన రూపాయి బిళ్ళను గురిగా పెట్టుకుని 3 అడుగుల నుంచి రోజూ బంతిని దొర్లించవచ్చు. స్వింగ్ వేగానికి గట్టి వల చాలు. కానీ అప్రోచ్ షాట్ ఎక్కడ పడి ఎంత దొర్లి ఆగిందో వల చూపించలేదు. దానికి నిజమైన గ్రీన్ కావాలి, అంటే హైదరాబాద్‌లోని గోల్కొండ కోట నయా ఖిల్లా కోర్సుకో, విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకో వెళ్ళాలి. వారానికోసారి గంట ఆడే కన్నా నెలకో వారం అక్కడే ఉండి, సగానికి పైగా సమయం గ్రీన్ మీదికి కొట్టే దెబ్బలకే ఇవ్వడం లాభం. విశాఖలో సముద్రపు గాలి అదనపు పాఠం. పచ్చికనూ చదవాలి. వేడి ప్రాంతాల కోర్సుల్లో పరిచే బెర్ముడా గడ్డి మన గరికే, దాని నుంచి పెంచిన సంకర రకాలూ ఉన్నాయి. ఆకులు వాలిన దిక్కుకు బంతి జోరుగా పోతుంది, ఎదురైతే మందగిస్తుంది.

ఊళ్ళో ఉండే మిగతా 3 వారాలు ఒంటికి. 18 హోల్స్ ఆడటమంటే 4, 5 గంటల్లో 8 నుంచి 10 కిలోమీటర్లు నడవడం. భుజాన సంచితో కొండపల్లి కోట ఎక్కి దిగడం దీనికి తగిన కసరత్తు. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అందుకే బరువైన పని తెల్లవారుజామునే ముగించాలి. ఎండకు ఒళ్ళు అలవాటు పడేందుకు సుమారు 2 వారాల పాటు కొద్దికొద్దిగా పగటి నడక పెంచాలి. దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ, 4 హోల్స్‌కోసారి అరటిపండో గుప్పెడు వేరుశనగలో తింటే చివరి హోల్స్‌లో చేయి తడబడదు.

పోటీకి ముందు వారం బరువులు తగ్గించాలి, స్వింగ్‌లో కొత్త మార్పు ఏదీ చేయకూడదు. ఆ కోర్సు మీద 2 రౌండ్లు ఆడి, ఏ హోల్‌లో బంతి ఎటు తప్పినా ఫరవాలేదో, ఎటు తప్పితే నీళ్ళ పాలవుతుందో చిన్న పుస్తకంలో రాసుకోవాలి.