బాడిస నేర్పిన చదువు

పల్లెలో పుట్టి పెరిగినవారిలో కొయ్యపని యందు మక్కువ తరచుగా కానవచ్చును. పట్నములో ఉద్యోగము చేయుచున్నను, ఒక ఉలి చేతికి దొరికిన చాలు, సెలవుదినమంతయు ఆ పనిలోనే గడుపువారు కలరు. ఈ మక్కువ ఎచ్చటినుండి వచ్చినది? పనిముట్ల అందమునుండి కాదు; ఆ పనితో ముడిపడియున్న బ్రతుకునుండి.

పట్నపు బాలుడు బల్లను దుకాణములో చూచును. పల్లె బాలుడు దానిని చెట్టుగా ఉన్ననాటినుండి ఎరుగును. ట్రాక్టర్లు రాకపూర్వము, తొలకరికి ముందు వడ్రంగి పాక ఊరికి కూడలిగా ఉండెడిది. నాగలిని, కాడిని బాగుచేయించుకొనుటకు రైతులు వచ్చి కూర్చుండెడివారు. పిల్లలు వారి వెంట చేరెడివారు. తుమ్మదుంగను బాడిసతో చెక్కునపుడు, నారవెంట పడిన దెబ్బకు పేడు సులువుగా లేచుటయు, నారకు ఎదురుపడిన దెబ్బకు కొయ్య చిట్లుటయు బాలుడు కన్నులార చూచెడివాడు. కొయ్యకు ఒక స్వభావము కలదనియు, దానిని ఎరిగి నడచుకొనుట మేలనియు అతనికి వేరుగా చెప్పవలసిన పని లేకుండెను.

బండిచక్రము ఇంతకంటె పెద్ద పాఠము. నడుమ కుంభము, దానినుండి వెలువడు ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు. వీనినన్నిటిని బిగించి నిలుపునది ఇనుప పట్టా. చక్రము చుట్టుకొలతకంటె కొంచెము చిన్నదిగా చేసిన పట్టాను మంటలో ఎర్రగా కాల్చగా అది వ్యాకోచించును. చక్రమునకు తొడిగి నీళ్లు పోయగనే సంకోచించి, ఆకులను కుంభములోనికి, పూటీలను ఒకదానితో నొకటి గట్టిగా నొక్కును. ఆ ఆవిరిని, ఆ చప్పుడును ఎరిగిన బాలుడు పిదప పుస్తకములో ఆ సూత్రమును చదివినపుడు మరచునా?

నేడు పొలములో ట్రాక్టరు, బండికి రబ్బరు చక్రము వచ్చినవి. రైతు శ్రమ తగ్గినందుకు సంతోషింపవలసినదే. కాని వడ్రంగి పాకతోపాటు ఆ బడియు మూతపడుచున్నది.

ఇట్టి స్థితి ఇతర దేశములకును వచ్చినది. ఫిన్లాండు రైతులు దీర్ఘమైన శీతకాలములో ఇంటికి కావలసిన కొయ్యసామానును తామే చేసికొనెడివారు. ఆ చేతిపనిని ఊనో సిగ్నేయస్ అను విద్యావేత్త బడిలోనికి తెచ్చెను. 1866 నాటి శాసనముతో అది పల్లె పాఠశాలలలో బాలురకు నిర్బంధ పాఠ్యాంశమయ్యెను. పిల్లలను వడ్రంగులను చేయుట ఆయన ఉద్దేశము కాదు. చేతిని, కంటిని, బుద్ధిని కలిపి పెంచుటయే. మన దేశమున 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానము కూడ చేతిపని చుట్టును చదువును అల్లినదే.

ఒక కొరతను మాత్రము దాచరాదు. ఈ విద్య కులవృత్తిగా ఉండుటచే, ఇతరుల పిల్లలకు చూచు భాగ్యమే గాని ఉలి పట్టు భాగ్యము లేకుండెను. బాలికలకు ఆ చూపు సైతము అరుదు. పాక చేయలేని ఈ పనిని బడి చేయగలదు.

బాడిస పట్టిన పెద్దలు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. ఉపాధ్యాయులు వారిలో ఒకరిని నెలకొక పూట గౌరవముతో పిలిచి, పిల్లలందరిచేత ఒక పీట చేయింపవచ్చును. తొలి పీట కొంచెము ఊగును. ఏ కాలు పొట్టిదో పిల్లలే వెదకి సరిచేయునపుడు అసలు పాఠము మొదలగును.