దుంపలు కడిగిన మట్టి మళ్లీ పొలానికి.. నత్రజని నీటిపాలు కాకుండా ఎలా?

ఉత్తర ఐరోపాలో ఏటా సెప్టెంబరు నుంచి జనవరి వరకు షుగర్ బీట్ దుంపలు లారీల్లో చక్కెర కర్మాగారాలకు చేరుతుంటాయి. వాటికి అంటుకొని పొలం మట్టి కూడా వస్తుంది. తడి నేలలో తవ్విన దుంపలకు అది మరీ ఎక్కువ. కర్మాగారాల్లో దుంపలు కడిగిన నీటిని మడుగుల్లో నిలిపి, అడుగున పేరుకున్న మట్టిని ఆరాక తవ్వి తీస్తారు. అది పంట పండించిన పైపొర మట్టి. ఎక్కడో గోతిలో పూడ్చడం కంటే పొలానికి చేర్చడమే సబబు.

అయితే ఆ మట్టిలో పిల్లవేళ్లు, దుంప ముక్కలు, ఆకుల తునకలు కలిసి ఉంటాయి. సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెట్టినప్పుడు అందులోని నత్రజని తొలుత అమ్మోనియంగా, ఆపై నైట్రేట్‌గా మారుతుంది. మట్టి రేణువులు అమ్మోనియంను పట్టి ఉంచగలవు కానీ, నైట్రేట్‌ను పట్టలేవు. అది వాననీటితో భూగర్భజలంలోకి దిగిపోతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు మించరాదన్నది ఐరోపా పరిమితి. భారతీయ ప్రమాణం 45 మిల్లీగ్రాములు.

ఒక లెక్క చూద్దాం. హెక్టారు పొలంలో 10 సెంటీమీటర్ల మందాన మట్టి పరిస్తే సుమారు 1,300 టన్నులవుతుంది. అందులో నత్రజని 0.1 శాతమే అనుకున్నా 1,300 కిలోలు! ఏడాదిలో 2 శాతం విడుదలైతే 26 కిలోలు. తాజా ఆకుల తునకలు ఎక్కువగా ఉంటే విడుదల ఇంకా వేగంగా జరుగుతుంది. చక్కెర నిండిన దుంప ముక్కల తీరు వేరు. వాటిని తినే సూక్ష్మజీవులు నత్రజనిని కొంతకాలం తమలోనే నిలుపుకొని, తర్వాత వదులుతాయి.

అసలు చిక్కు సమయానిదే. దుంపలు కడిగేది శరత్, శీతాకాలాల్లో. అప్పుడు చాలా పొలాలు ఖాళీగా ఉంటాయి, వానలు ఆగవు, నత్రజనిని పీల్చే వేరు ఉండదు. అందుకే మట్టిని వసంతంలో విత్తడానికి ముందు గానీ, వేసవిలో గోధుమ కోశాక గానీ పరచడం మేలు. వేసవిలో పరిస్తే వెంటనే ఆవాలు, ఓట్స్ వంటి ఆచ్ఛాదన పంట వేయాలి. మందపు పొరకు బదులు పలుచగా పరచాలి. పరీక్షలో తేలిన నత్రజని మేరకు ఎరువు తగ్గించాలి. చాలామంది మరిచేది ఇదే. దుంపలకు సోకే నులిపురుగులు, రైజోమేనియా వైరస్ ఈ మట్టితో వ్యాపించగలవు కనుక బీట్, బంగాళాదుంప పొలాలకు దీనిని వాడకపోవడం క్షేమం.

దుంపలను పొలం గట్టునే యంత్రంతో దులిపి లారీకెక్కిస్తే చాలా మట్టి అక్కడే మిగులుతుంది, రవాణా ఖర్చూ తగ్గుతుంది. మన నీలగిరి కొండల్లోనూ క్యారెట్లను కడిగి మార్కెట్టుకు పంపుతారు. ఆ మట్టినీ వాగులోకి వదలకుండా తొట్టెల్లో నిలిపి, తదుపరి విత్తనాల వేళకు మడులకు చేర్చవచ్చు. భారీ వర్షాలకు ముందు ఖాళీ వాలుపై మాత్రం పోయకూడదు.