వచ్చిందెవరు? పీహెచ్‌పీని పుట్టించిన ప్రశ్న

రాస్మస్ లెర్డార్ఫ్ గ్రీన్‌లాండ్‌లో పుట్టి, కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివాడు. 1994లో తన బయోడేటాను ఇంటర్నెట్‌లో పెట్టుకున్నాడు. పెట్టాక, దాన్ని చూసి వెళ్తున్నదెవరో తెలుసుకోవాలనిపించింది. సీ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. వాటికి ‘పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్’ అని పేరు పెట్టి, 1995 జూన్ 8న అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. పీహెచ్‌పీకి అదే పుట్టినరోజు.

ఆ మొదటి ప్రోగ్రాములు ఏం చేసేవో చూస్తే ఆయన మనసులో ఏముందో అర్థమవుతుంది. పేజీకి ఎవరెవరు వచ్చారో చిట్టా రాయడం, మొత్తం ఎంతమంది వచ్చారో లెక్క చూపడం, కొన్ని చిరునామాల నుంచి వచ్చేవాళ్లను ఆపేయడం, కొందరిని పాస్‌వర్డ్ అడగడం. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కట్టే భాష తయారు చేయాలని ఆయన కూర్చోలేదు. గడపలోకి వచ్చినవాళ్లు ఎవరో చూసి, దాన్నిబట్టి పలకరించడానికే ఇదంతా మొదలైంది. ఈనాటికీ పీహెచ్‌పీ నేర్చుకునేవాళ్లు తొలిరోజుల్లోనే రాసే అభ్యాసం ఇదే: లాగిన్ అయినవాళ్లకు పేరుతో స్వాగతం, కానివాళ్లకు ‘అతిథి గారూ, రండి’ అన్న ముక్క.

చూడటానికి రెండు లైన్ల పని. దాని వెనక ఉన్న చిక్కు మాత్రం పెద్దది. వెబ్ సర్వర్‌కు జ్ఞాపకం లేదు. పేజీ అడిగారు, ఇచ్చింది, అంతటితో మరిచిపోయింది. మరుక్షణం అదే మనిషి ఇంకో పేజీ అడిగినా కొత్తవాడే. ఈ మతిమరుపుకు మందు కనిపెట్టినవాడు నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మాంటుల్లి. 1994లో ఆయన రూపొందించిన కుకీ, గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. స్టాండులో కూర్చున్నాయన మన ముఖం గుర్తుపెట్టుకోడు, బిళ్ల మీది నంబరు చూసి చెప్పులు తీసిస్తాడు. సర్వర్ కూడా ఒక నంబరు పంపుతుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని ప్రతిసారీ చూపిస్తుంది.

2000 మే నెలలో వచ్చిన పీహెచ్‌పీ 4 ఈ ఏర్పాటును సెషన్ అనే పేరుతో భాషలోనే కలిపేసింది. అప్పటినుంచీ సెషన్‌ను మొదలుపెట్టడానికి ఒక్క ఆజ్ఞ చాలు. అక్షరాలూ అంకెలూ కలగలిసిన పొడవాటి గుర్తింపు ఒకటి తయారై బ్రౌజర్‌కు వెళ్తుంది. ఆ గుర్తింపే పేరుగా సర్వర్‌లో ఒక చిన్న ఫైలు పుడుతుంది. పేరు, లాగిన్ వివరాలు ఉండేది ఆ ఫైలులోనే. అందులో పేరుంటే పేరుతో పలకరింపు, లేకపోతే అతిథి సందేశం. మనం మార్చకపోతే ఆ ఫైలుకు ఇచ్చిన గడువు 1440 సెకన్లు. అంటే 24 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దాన్ని చెత్తగా లెక్కగట్టి ఊడ్చేయవచ్చు. భోజనానికి లేచి వచ్చేసరికి మళ్లీ అతిథి అయిపోవడం వెనక కథ చాలాసార్లు ఇదే.

తెలుగులో సైట్లు కట్టినవాళ్లను ఇంకొక చిక్కు చాలా ఏడిపించింది. కుకీ అనేది పేజీకి ముందు వెళ్లే కవరు మీది సమాచారంలో ఉంటుంది. పేజీలో ఒక్క అక్షరం ముందుగా బయటికి వెళ్లినా ఇక కుకీ పంపడం కుదరదు. తెలుగు అక్షరాలు నిలవాలంటే ఫైలును యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచాలి. పాత విండోస్ నోట్‌ప్యాడ్ అలా దాచేటప్పుడు ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తును చేర్చేది. ఆ మూడు బైట్లే ముందు బయటపడేవి, సెషన్ తెగేది. సరైన పాస్‌వర్డ్ కొట్టినా అతిథి సందేశమే వచ్చేది. కోడులో ప్రతి అక్షరమూ వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే అది కనబడే చోట లేదు. 2019లో నోట్‌ప్యాడ్ పద్ధతి మార్చుకున్నాకే ఈ బాధ తగ్గింది.

తెలుగులో అతిథిని పలకరించే పీహెచ్‌పీకి మంచి ఉదాహరణ తెలుగు వికీపీడియా. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వం నడిచేది మీడియావికీ మీద, మీడియావికీ రాసింది పీహెచ్‌పీలో. అందులో అందరికీ కనిపించే ప్రకటనకు ఒక పేజీ, లాగిన్ కానివాళ్లకు మాత్రమే కనిపించే ప్రకటనకు వేరే పేజీ ఉంటాయి. నిర్వాహకులు అక్కడ ఏం రాస్తే అదే అతిథి పాఠకుడి కంటబడుతుంది. లాగిన్ కాకుండా మార్పులు చేయబోతే, మీ ఐపీ చిరునామా అందరికీ కనబడుతుందన్న హెచ్చరిక చాలాకాలం ఉండేది. 2024 చివరి నుంచి ఒక్కొక్క వికీపీడియాలోనూ ఆ పద్ధతి మారుతూ వచ్చింది. ఇప్పుడు అతిథికి కుకీ ఆధారంగా 90 రోజుల తాత్కాలిక ఖాతా ఇస్తున్నారు. ముక్కూ ముఖం తెలియని మనిషికి కూడా మరుగు కావాలని ఒప్పుకున్న మార్పు ఇది. నాకు ఇది చాలా నచ్చింది.

ఇక అత్తిమంజేరిపేట నుంచి ఒకరు ఏదో సైటు తెరిచారనుకుందాం. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో, పళ్లిపట్టు వైపు, మరమగ్గాల మీద బతికే ఊరు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారేదాకా తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు చిత్తూరు జిల్లావి. గీత మారింది గానీ చాలా ఇళ్లలో మాట తెలుగే. అక్కడి అతిథిని ఏ భాషలో పలకరించాలి? సర్వర్ చేతిలో రెండే ఆధారాలు. ఒకటి ఐపీ చిరునామా. అది తమిళనాడు అంటుంది, తరచూ చెన్నై అని కూడా అంటుంది. రెండోది బ్రౌజర్ తనంతట తాను పంపే భాషల వరస. ఫోను ఇంగ్లీషులో ఉంటే అది ఇంగ్లీషు అంటుంది. తెలుగు ఊసే ఎక్కడా రాదు.

పోనీ, ఊరు తెలిసి తెలుగులోనే పలకరించారనుకోండి. తమిళనాడులో 2006 చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదవడం రాయడం తమిళంలోనే వచ్చినవాళ్లు ఆ ప్రాంతంలో ఉన్నారు. వాళ్లకు తెలుగు లిపిలో స్వాగతం చెబితే మాట మనదే అయినా చదవలేరు. తాతకు తెలుగు లిపి, మనవడికి తమిళ లిపి, ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వైఫై. ఏ లెక్కా ఈ తేడాను బయటినుంచి పట్టలేదు.

అందుకే నా మాట, ఊహించవద్దు, అడగండి. అతిథి సందేశానికి పైన తెలుగు, తమిళం, ఇంగ్లీషు అని మూడు మాటలు, ఏ భాష పేరు ఆ లిపిలో, జెండాలూ బొమ్మలూ లేకుండా. ఒకటి నొక్కితే ఆ ఎంపికను కుకీలో రాయండి. దానికి పేరు అక్కర్లేదు, ఫోను నంబరు అక్కర్లేదు. గడువు ఏడాదికి పైగా పెట్టి, వచ్చిన ప్రతిసారీ కొత్తగా పొడిగించండి. ఎంత పొడవు గడువు పెట్టినా క్రోమ్ 400 రోజులకే కుదిస్తుంది. అది చాలు. రెండు ఆడికృత్తికల మధ్య ఎడం అంత ఉండదు కాబట్టి, ఆ రోజు జరిగే తిరుత్తణి కావడి ఉత్సవం వేళలు చూసుకోవడానికి ఏడాదికొక్కసారి సైటు తెరిచేవాళ్లకు కూడా, ఫోను మార్చకుండా, కుకీలు చెరపకుండా ఉంటే, పోయినేడు ఎంచుకున్న లిపిలోనే పలకరింపు వస్తుంది.