డాబా మీద చలికాలం కూరలు: ఏవి వేయాలి? ఏవి వద్దు?



మన హాస్టలు డాబా మీద కూరలు పెంచుదామని చాలామంది అంటున్నారు. విత్తనాల షాపులో పాకెట్ల మీద బొమ్మలు చూస్తే అన్నీ కొనాలనిపిస్తుంది. కానీ ముందు ఒక లెక్క చూసుకోవాలి. దసరా సెలవులయ్యాక మనం వస్తాము. సంక్రాంతికి మళ్లీ ఇళ్లకు పోతాము. మధ్యలో ఉండేది మూడు నెలలే. మనం లేనప్పుడు డాబా ఎక్కి నీళ్లు పోసేవాళ్లు ఉండరు. కాబట్టి ఈ మూడు నెలల్లో మన పళ్లెంలోకి వచ్చే కూరలే వేసుకోవాలి.

ఎందుకు పెంచాలి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉందని తేలింది. ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోయేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. ఐరన్ మాత్రలు వేసుకోవాలి, ఆకుకూరలు కూడా తినాలి. ఆకుకూర పప్పులో టమాటా గాని నిమ్మరసం గాని పడితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

వేయవలసినవి

జగ్గయ్యపేట, నందిగామ పాత కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతాలు. 2022 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఎండాకాలంలో ఇక్కడ డాబా పెనంలా కాలుతుంది. కార్తీకం నుంచి చల్లబడుతుంది. అప్పుడు ఇవి బాగా వస్తాయి.

1. మెంతికూర: అరడుగు లోతు మట్టి చాలు. మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే నెల లోపు కూర వస్తుంది.

2. పాలకూర: నెలకు మొదటి కోత. వేళ్లతో పీకకుండా కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. అన్నిటికన్నా లాభం ఇదే.

3. కొత్తిమీర: ధనియాలను చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. మొలవడానికి పది రోజులు పడుతుంది, మొలవలేదని తవ్వి చూడకూడదు. నలభై రోజులకు కోసుకోవచ్చు.

4. ముల్లంగి: అడుగు లోతు కావాలి. 45 రోజులకు దుంప వస్తుంది. ఆకు కూడా పప్పులో వేసుకోవచ్చు.

5. టమాటా: విత్తనం వేస్తే ఆలస్యం, నారు తెచ్చి నాటాలి. నాటిన రెండు నెలలు దాటాక కాయ పండుతుంది. సంక్రాంతి తర్వాత కూడా కాస్తుంది కాబట్టి వాచ్‌మన్ తాత నీళ్లు పోయగలిగినన్ని, రెండు మూడు మొక్కలే చాలు.

ఆకుకూరలు అన్నీ ఒకే రోజు చల్లకూడదు. పది రోజులకొక వంతు చల్లితే వారం వారం కోత ఉంటుంది.

వద్దనుకోవలసినవి

గోంగూర మనందరికీ ఇష్టమే. కానీ పగలు తగ్గితే అది తొందరగా పూతకు వస్తుంది, ఆకు చిన్నదవుతుంది. దాన్ని వానాకాలానికి ఉంచుదాం. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒక్కొక్కటి ఒక డబ్బాను మూడు నెలలు ఆక్రమించి ఒక్క పువ్వే ఇస్తాయి. క్యారెట్ కూడా మూడు నెలలే. మరి చిక్కుడు? మా తండాలో దడుల మీద సంక్రాంతికి గుత్తులు గుత్తులుగా కాస్తుంది. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసేది అది ఆ రోజుల కాపు కాబట్టే. కానీ దాన్ని వానాకాలంలోనే పెట్టాలి. వచ్చే ఏడు కాంపౌండు గోడ పక్కన పెడదాం.

డబ్బాలు, మట్టి

కుండీలు కొనక్కరలేదు. వంటగదిలో ఖాళీ నూనె డబ్బాలు ఉన్నాయి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి సిమెంటు సంచులూ దొరుకుతాయి. సంచిని బాగా ఉతికి వాడాలి, సిమెంటు మిగిలితే మొక్క చస్తుంది. అడుగున రంధ్రాలు తప్పనిసరి.

మన నల్లరేగడి ఒక్కటే నింపితే తడికి బంకలా అవుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు మునేటి ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలపాలి. బియ్యం కడిగిన నీళ్లు పోయవచ్చు. సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు వద్దు.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తడిమట్టి దాదాపు 50 కిలోలు ఉంటుంది. అందుకని డబ్బాలు డాబా మధ్యలో కాకుండా గోడల మీదుగా వరసగా పెట్టాలి. కింద ఇటుక పెడితే నీరు నిలవదు, దోమలు రావు.

ఒక మనవి

డాబా తలుపుకు తాళం మన క్షేమం కోసమే అని మాకు తెలుసు. ఆయమ్మ తోడుంటే ఉదయం ప్రార్థనకు ముందు అరగంట చాలు. గదికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుంటాము. ఈ కూర రోజూ అందరికీ సరిపోదు. అయినా వారానికి ఒక పూట పప్పులో పచ్చగా కనపడితే అదే మేలు. మేడమ్ గారు ఆలోచించవలెనని కోరుచున్నాము.

ఆకుకూరలు పెంచుదాం! ఒంట్లో రక్తం పెంచుదాం!

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని