మెదడులో చీటీ యొకచోట, సరకొకచోట

మా పెద్దబాపు బోధను ప్రాంతపు చెఱకు రైతు. కొన్నియేండ్ల క్రిందట ఆయన కుడిచేయి ఊరక వణుక నారంభించెను. వైద్యులు కంపవాతమనిరి, పార్కిన్సన్ వ్యాధి యనునదియు నిదియే. “మెదడులో ఏమి తక్కువయైనది?” అని ఆయన నన్నడిగెను. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు తెలిసికొన్న సంగతిని నేడు మీకు విన్నవించెదను.

మన దేహమందలి జీవకణములలో దాదాపు అన్నింటను జన్యువులన్నియు గలవు. మాంసకృత్తులను చేయించునవి యించుమించు 20,000. పనిచేయుచున్న జన్యువునుండి ఆర్.ఎన్.ఏ. యను నకలుచీటీ వెలువడును. ఆ చీటీని బట్టి మాంసకృత్తు తయారగును. చీటీలను లెక్కించుట సులభము. అమెరికాలో సియాటిల్ నగరమందలి ఆలెన్ సంస్థవారు మరణించిన ఆర్గురి మెదళ్లను పరీక్షించి చీటీల పటమును సిద్ధపఱచిరి. మాంసకృత్తులను కొలుచుట కష్టతరము. స్వీడను దేశపు పండితులు చీటీలతోపాటు వానినిగూడ చూచి, 2020లో మనుష్యుని, పంది, ఎలుకల మెదళ్ల పటమును ప్రకటించిరి.

చీటీల లెక్కయు మాంసకృత్తుల లెక్కయు అన్నిచోట్ల సరిపోలవు. ఎందుచేత? 1937లో స్థాపింపబడి 2015లో మూతబడిన బోధను నిజాం చక్కెర కర్మాగారము మీరెఱిగినదే. అది నడచిన దినములలో ఉత్తరువులు శక్కర్‌నగరు కచ్చేరిలో నుండెడివి. చక్కెర బస్తాలు నిజామాబాదు బజారునకు చేరెడివి. బజారులో ఉత్తరువులు కానరాలేదు గనుక అచ్చట చక్కెరయే లేదందుమా?

మెదడు అడుగుభాగమున నల్లని మచ్చవలె నొక చోటు గలదు. అచ్చటి కణములు టైరోసిన్ హైడ్రాక్సిలేజు అను మాంసకృత్తును చేయును. డోపమైను పుట్టుటకు అదియే మూలము. దాని చీటీలు ఆ కణములలోనే యుండును. కాని వాని సన్నని తంతువులు పైనున్న స్ట్రయేటమను భాగమువఱకు వ్యాపించును. సరకు ఆ దారిన పోవును. అందుచేత స్ట్రయేటములో చీటీ దాదాపు కానరాదు, మాంసకృత్తు మాత్రము సమృద్ధిగా నుండును. కంపవాతమున నల్లని చోటి కణములు నశించును, స్ట్రయేటమున సరకు తఱిగిపోవును. స్ట్రయేటములో చీటీలనే వెదకువానికి ఈ కొఱత తెలియనే తెలియదు! దూర మొక్కటే కారణము గాదు. పెక్కు చీటీలు కొలది గంటలలో నశించును. కొన్ని మాంసకృత్తులు వారముల తరబడి నిలుచును.

ఆ టైరోసిన్ హైడ్రాక్సిలేజు చేసిపెట్టు పదార్థము పేరు ఎల్-డోపా. దానినే దూలగొండి గింజలనుండి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి యనువారు వేఱుచేసిరి. పెద్దబాపు మ్రింగు మాత్రలోనిదియు నదియే. ఈ మాట విని ఆయన, “అట్లయిన గట్టుమీది గింజలే నూరుకొందునా?” అనెను. ఏ గింజలో నెంత యుండునో తెలియదు, మోతాదు తప్పిన కీడు గలుగును, వైద్యుడిచ్చిన మాత్ర మానవలదని చెప్పితిని.